పసుపు పెట్టని దర్వాజ

కోరుట్ల
జూన్ 8

సంగీతక్కా,

ఇక్కడ అందరం క్షేమమే. ఈ వాక్యం మన బోర్డింగ్ సిస్టర్ కోసం. జగిత్యాల కాన్వెంటులో ఆదివారం ఆదివారం ఇంటికి ఉత్తరాలు రాయించి, కవరు అంటించే ముందు తనే చదివేది కదా. ఇప్పుడు చదివేవాళ్లు లేరని తెలిసినా నా చేయి ముందు అదే రాస్తోంది.

ఇక అసలు సంగతి. పోయిన నెల నువ్వు ఫోను చేసి, నువ్వు పనిచేసే సిరిసిల్ల దివ్యాంగ స్త్రీల హోంలో ఒక మంచం ఖాళీ అయిందన్నావు. నేను చూద్దాంలే అని ఊరుకున్నాను. అప్పుడు అమ్మ పక్కనే బియ్యం ఏరుతోంది. వదిన తలుపు దగ్గర బట్టలు మడత పెడుతోంది. మా ఇంట్లో ఫోను మాట్లాడితే అందరూ మాట్లాడినట్టే. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నాకు రావాలని ఉంది.

ఎందుకో చెప్పడం నాకు సరిగా రాదు. ఒక సంగతి రాస్తాను, నువ్వే అర్థం చేసుకో. మేముండేది ఇంకా ఆ కిరాయి ఇల్లే, పై అంతస్తు. అన్న పొద్దున్నే ఆటో తీసుకుని మెట్‌పల్లి గిరాకీకి వెళ్తాడు. అతను వచ్చి నన్ను ఎత్తుకుని మెట్లు దింపితేనే నేను కిందికి వెళ్లేది. మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదికి మాత్రం అమ్మే ఎత్తుతుంది. నేను బస్సు దిగుతూ పడి నడుము విరిగినప్పుడు అమ్మ గట్టి మనిషి. ఈ తొమ్మిదేళ్లలో నా బరువు పెద్దగా పెరగలేదు. ఆమె వయసు పెరిగింది.

పోయిన వారం నన్ను ఎత్తి, మధ్యలో ఆగిపోయింది. నేను ఆమె చేతుల్లోనే ఉన్నాను. ఏమైందమ్మా అంటే, ఏం లేదు, మొన్నటి పప్పుల ఉప్పు సరిపోయిందా అని అడిగింది. ఊపిరి అందేదాకా అట్లాగే నిలబడి పప్పు గురించి మాట్లాడింది. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ సంగతి మళ్లీ మేమిద్దరం ఎత్తలేదు.

ఇంకో కబురు. బాపు పోయేముందు నా పేరు మీద రాసిన జాగాలో ఇల్లు కట్టుకోవడానికి సర్కారు మంజూరు వచ్చింది. దివ్యాంగురాలినని ముందు వరుసలో వచ్చిందట. అన్న వాడంతా మిఠాయి పంచాడు. "మొత్తానికి నీ కాళ్లు ఒక పనికచ్చినయి పిల్లా" అని వదిన నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ ఇంటికి వెళ్లినా నన్ను ఎత్తేది అమ్మే కదా. మీ హోం పద్ధతులేమిటో రాయి. ఆ మంచం మీద ఇంతకుముందు ఎవరుండేవాళ్లు? ఎక్కడికి వెళ్లారు? అమ్మకు ఇంకా చెప్పలేదు.

నీ చెల్లె
శ్రీలత


సిరిసిల్ల
జూన్ 17

శ్రీలతా,

నీ ఉత్తరం హోం చిరునామాకు వస్తే, కోర్టు కాగితమేమో అని మా మేడం కంగారుపడింది. ఇక్కడ ఎవరికీ ఉత్తరాలు రావు. నా చెల్లె రాసిందని చెబితే, ఈ కాలంలో ఉత్తరమేందమ్మా అని వంటమనిషి నన్ను విచిత్రంగా చూసింది.

హోం గురించి అడిగావు. మరమగ్గాల షెడ్డు వెనక ఉంటుంది, అంతా నేల మీదే. పొద్దంతా ఆ మగ్గాల చప్పుడు, ఇక్కడ సాంచలంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ చప్పుడుకు నిద్ర పట్టదు. అలవాటయ్యాక కరెంటు పోయి సాంచలు ఆగితే మెలకువ వస్తుంది. ఏ గదికీ గడప లేదు. స్నానాల గదిలోకి కుర్చీ నేరుగా పోతుంది. ఒకామె కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. ఒకామె మూడు చక్రాల బండి మీద బజారుకు పోయి కూరగాయలు బేరం చేసి తెస్తుంది. బేరంలో ఆమెను మించినవాళ్లు లేరు. అందరూ పెళ్లి కానివాళ్లో, ఇంట్లో చూసేవాళ్లు లేనివాళ్లో. పోట్లాటలుంటాయి, టీవీ దగ్గర ముఖ్యంగా. కానీ ఎవరూ ఎవరినీ తలుపు దాటించమని అడగాల్సిన పని లేదు.

పద్ధతి ఒకటే గట్టిది. తన పనులు తాను చేసుకోవాలి. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి స్నానానికి ఎవరి సాయం లేకుండా వెళ్లగలగాలి. మేడం కూర్చుని చూస్తుంది. ఇక్కడ పనివాళ్లం నేను, వంటమనిషి, అంతే.

నువ్వు చేయగలవు. మంచానికీ కుర్చీకీ మధ్య నున్నటి బల్ల వేసుకో. చేతుల మీద బరువు ఆనించి కొద్దికొద్దిగా జరుగు. ఎగరాలని చూడకు, జరగాలి. మొదట పడతావు. కింద బొంత పరుచుకో.

ఆ మంచం మీద కిష్టవ్వ అని ఒకామె ఉండేది. ఇంటికి వెళ్లిపోయింది. మేడంతో మాట్లాడి దసరా దాకా దాన్ని ఆపి ఉంచాను. త్వరగా నేర్చుకో. నువ్వు వస్తే ఈ టీవీ సీరియళ్లు తప్ప వేరే సంగతి మాట్లాడే మనిషి దొరుకుతుంది నాకు.

చిన్నమ్మ మోకాళ్లకు నూనె పట్టించమను.

నీ అక్క
సంగీత


కోరుట్ల
జూలై 20

అక్కా,

బల్ల అన్ననే చేసిచ్చాడు. అమ్మకు సులువవుతుందని చెప్పాను, అబద్ధం కాదు కదా. గీతలు లేకుండా చిత్రికపట్టి, మైనం రుద్ది తెచ్చాడు. నేను మధ్యాహ్నం అమ్మ నీళ్లకు కిందికి దిగినప్పుడు నేర్చుకుంటున్నాను. చాలాసార్లు పడ్డాను. ఒకసారి అమ్మ తిరిగి వచ్చేసరికి నేను బొంత మీద ఉన్నాను. నన్ను లేపలేదు. కడవ దింపి, గోడకు ఆనుకుని కూర్చుని నేను మంచం ఎక్కేదాకా చూస్తూ ఉంది. ఎక్కాను. అప్పుడు లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఇప్పుడు ఒంట్లో బాగున్న రోజుల్లో కుర్చీలోకి నేనే వెళ్తున్నాను.

ఇల్లు పునాది మీదికి లేచింది. వాన పడితే మోరీ నీళ్లు లోపలికి వస్తాయని అరుగు ఎత్తు పెట్టారు. అందుకని అన్న వీధి నుంచి ఇంటిదాకా ర్యాంపు కట్టించాడు. మొదట కట్టింది నిలువుగా ఉందని తనే నా కుర్చీలో కూర్చుని మేస్త్రితో తోయించుకున్నాడు. మేస్త్రి రొప్పుతుంటే వాడంతా నవ్వింది. దాన్ని పగలగొట్టించి పొడుగ్గా మళ్లీ కట్టించాడు. నా కోసం ఇంత చేసే అన్న ఎవరికుంటాడు అని వీధివాళ్లు నాతోనే అంటున్నారు. నిజమే.

తర్వాత దర్వాజ తెచ్చాడు. జగిత్యాలలో చేయించాడట. టేకు కట్టె, పైన లతలు చెక్కారు. నాకు ఫోనులో ఫోటో చూపించాడు. ర్యాంపు ఎక్కి తలుపు దాకా వెళ్తే, అక్కడ జానెడు ఎత్తున గడప ఉంటుంది.

నేను అడిగాను. నా కుర్చీ ఎట్లా దాటుతుంది అన్నా అని. అతను ఒక్క నిమిషం ఫోటో వైపే చూశాడు. నిజంగా తట్టలేదు, అక్కా. దర్వాజ అంటే నాలుగు కట్టెలు, కిందిది గడప, అంతే. దాన్ని ఎవరైనా వద్దంటారని ఎవరికి తడుతుంది? "నేను ఎత్తుకుంట గదా" అన్నాడు.

గడప లేకుండా పెట్టలేమా అని అమ్మను అడిగాను. కడప లేని ఇంట్లకు లక్ష్మి ఎటునుంచి వస్తది అంది. పోనీ నేలకు సమంగా దించితే? అదింకా ఎక్కువ తప్పట. మనుషులమే గడప తొక్కకుండా కాలెత్తి దాటుతాం, దాని మీదికెళ్లి రోజూ చక్రాలు పోతాయా అంది. అమ్మ కోప్పడలేదు. చాలా మెల్లగా చెప్పింది.

శ్రావణంలో దర్వాజ ఎత్తి నిలబెడతారు. ఆ రోజు గడపకు పసుపు రాసి బొట్లు పెట్టాల్సింది ఇంటి ఆడబిడ్డ. అంటే నేను. నాకు చీర పెడతారు. నన్ను లోపల ఉంచే కట్టెకు నా చేత్తోనే పసుపు పెట్టించి చీర పెడతారు.

కిష్టవ్వ ఇంటికి ఎందుకు వెళ్లింది? ఇంట్లో చూసేవాళ్లు ఉన్నారా? నువ్వు రాయలేదు.

శ్రీలత


సిరిసిల్ల
జూలై 29

శ్రీలతా,

ఒక కట్టె కోసం ఇంట్లో కొట్లాట పెట్టుకోకు. పసుపు పెట్టేసి, చీర తీసుకుని, ఇక్కడికి వచ్చేయి. ఇక్కడ గడపలే లేవని రాశాను కదా. ఆ ఇంట్లో నువ్వు ఉండనప్పుడు ఆ గడప ఎంత ఎత్తుంటే నీకేం?

మీ అన్న బాలరాజు మంచివాడు. వాణ్ని పదిమందిలో చిన్నబుచ్చకు.

మంచం కోసం ఇద్దరు ముగ్గురు అడిగి వెళ్లారు. ఎన్నాళ్లు ఆపగలనో తెలియదు. స్నానం సంగతి ఎంతవరకు వచ్చిందో రాయి.

కిష్టవ్వకు అన్నదమ్ములున్నారు. ఆమె బాగానే ఉంటుంది.

నాకు ఈ మధ్య నడుము నొప్పి. ఎక్కువ రాయలేను.

సంగీత


కోరుట్ల
ఆగస్టు 4

అక్కా,

నాలుగు రోజుల కింద నా దివ్యాంగుల సర్టిఫికెటు కొత్తది చేయించడానికి జగిత్యాల ఆసుపత్రికి వెళ్లాం. అన్న నన్ను ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టాడు. అక్కడ వరండాలో వరుసలో ఉంచి, కాగితాల జిరాక్సులకు వెళ్లాడు. నా ముందు ఒక పెద్దామె, కుర్చీ లేదు, ప్లాస్టిక్ చాప మీద పడుకోబెట్టారు. పక్కన ఎవరూ లేరు. మంచినీళ్లు ఉన్నాయా బిడ్డా అని అడిగింది. ఇచ్చాను. ఎడమ చేత్తో తాగింది. కుడి చేయి కదలడం లేదు.

మాటల్లో సిరిసిల్ల హోంలో ఉండి వచ్చానంది. పేరు అడగకుండానే నాకు తెలిసిపోయింది.

ఎందుకు వచ్చేశారు అన్నాను. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"ఏండ్లకేండ్లు చేతుల మీద ఒళ్లు మోసుకుంట జరిగితిని. బుజం అరిగింది బిడ్డా. కాళ్లు పోతె చేతులు కాళ్లయితయి. చేతులు పోతె ఇంకేమైతయి? నీ పని నువ్వు చేసుకుంటలెవ్వు, ఇంటికి పొమ్మన్నరు. అన్నోళ్లు కొట్టంల మంచమేసిన్రు. మంచోళ్లే. తిండి పెడుతరు. అండ్లకెళ్లి బయటికి తెచ్చుడే లేదు, ఇగో ఇయ్యాల్నే తెచ్చిన్రు."

మా అన్న వచ్చి ఆమెను కూడా ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాడు. డాక్టరు ఆమెను చూసి, తర్వాత నన్ను చూశాడు. నాకు శాశ్వతం అని రాసిచ్చారు.

ఇంటికి వచ్చి బల్లను చూస్తే చేతులు వాటంతటవే వెనక్కి వచ్చాయి. నేను నేర్చుకుంటున్నది రోజుకింత నా భుజాన్ని అరగదీయడమే కదా. అది అరిగిన రోజు మీ హోం కూడా నన్ను కొట్టానికే పంపుతుంది.

ఇది నీకు తెలుసు. నువ్వు రాయలేదు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు అన్నతో చెప్పాను, ఆ గడపకు నేను పసుపు పెట్టనని. అతను చేయి కడుక్కుని లేచాడు. అప్పటినుంచి రోజూ నన్ను ఎత్తి దింపుతాడు. మాట్లాడడు. మాట్లాడని మనిషి చేతుల్లో ఉండటం ఎట్లా ఉంటుందో నీకు చెప్పలేను.

శ్రీలత


సిరిసిల్ల
ఆగస్టు 9

చెల్లె,

కిష్టవ్వ చెప్పింది నిజం.

ఆమె భుజం పాడవడం మొదలైనప్పుడు నేనే పొద్దున్నే, మేడం రాకముందు, ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. చలికాలమంతా అట్లాగే గడిచింది. ఆమెను ఎత్తి, మిగతావాళ్ల పనులు చూసి, సాయంత్రానికి నేను వంగలేకపోయేదాన్ని. నా నడుము నొప్పి అదే. ఒకరోజు మేడం తొందరగా వచ్చి చూసింది. తిట్టలేదు. నువ్వు కూడా పడిపోతే వీళ్లందరినీ ఎవరు చూస్తారు అని మాత్రం అడిగింది. మేడం చెడ్డ మనిషి కాదు, శ్రీలతా. ఇంకో పనిమనిషి కావాలని అడగని చోటు లేదు. కిష్టవ్వ వెళ్లేటప్పుడు పరుపు, మందులు, దుప్పట్లు మేడమే సర్దిచ్చింది. ఆమె కూడా ఏడ్చింది. అందరం ఏడ్చి, పంపించాం.

నీకెందుకు రాయలేదంటే, రాస్తే నువ్వు రావని. నీ కోసమే రమ్మంటున్నానని అనుకున్నాను. అందులో సగం నా కోసం. పొద్దంతా ఎవరో ఒకరికి చేయందిస్తూ ఉంటాను. సాయంత్రం నా పక్కన కూర్చుని ఏం చదివావు అని అడిగే మనిషి కావాలనిపించింది.

ఇది కూడా దాచకుండా రాస్తాను. నిన్న బాలరాజు ఫోను చేశాడు. "అక్కా, నువ్వు మా పెద్దబాపు బిడ్డవు, నువ్వు మా ఇంటి ఆడబిడ్డవు గాదా. బుధవారం నువ్వచ్చి పసుపు పెట్టు. చీర నీకే పెడత. దాన్ని నేను సముదాయించుకుంట" అన్నాడు. వాడి గొంతు బాగాలేదు. చిన్నమ్మ కూడా తీసుకుని, రా బిడ్డా అంది. నేను వస్తానన్నాను. కాదనడం నాకు రాలేదు.

ఫోను పెట్టేసినప్పటి నుంచి మనసు బాగాలేదు. ఏం చేయమంటావు?

సంగీత


కోరుట్ల
ఆగస్టు 12

అక్కా,

రావద్దు.

దర్వాజ చేసిన వడ్రంగి, వడ్ల మైసయ్య, నిన్న అన్నతో దర్వాజ ఎత్తే కూలి మాట్లాడటానికి జగిత్యాల నుంచి ఇంటికి వచ్చాడు. అన్న లేడు. గడప కోసి తీసేయవచ్చా అని నేనే అడిగాను. కొత్తవాళ్లతో నేను మాట్లాడటం చూసి అమ్మ వంట ఆపి వచ్చింది. ఆయన చెవి గోక్కుని, "ఇప్పుడైతే అది కట్టె. కోస్త. పసుపు పడ్డంక కడప. అప్పుడు ఎవలు చెప్పినా రంపం పెట్ట" అన్నాడు.

బుధవారం నువ్వు వచ్చి పసుపు పెడితే అది గడప అయిపోతుంది. అందుకే.

నీ మీద కోపం పోలేదు. కానీ ఈ సంగతిలో అడగడానికి నాకు నువ్వే ఉన్నావు.

శ్రీలత


కోరుట్ల
ఆగస్టు 24

సంగీతక్కా,

నువ్వు రాలేదు. ఫోను కూడా ఎత్తలేదట. అన్న బస్టాండుకు మనిషిని పంపి, చివరిదాకా వీధి మలుపు వైపు చూస్తూనే ఉన్నాడు. అతన్ని చూస్తే నాకు నిన్ను పిలవాల్సిందేమో అనిపించింది.

చుట్టాలందరూ వచ్చారు. దర్వాజను ఇటుకల మీద పడుకోబెట్టారు. అయ్యగారు మంత్రాలు మొదలుపెట్టాడు. నన్ను ర్యాంపు మీదుగా పైకి తోసుకొచ్చి దర్వాజ ముందు ఆపారు. అమ్మ పసుపు పళ్లెం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "పెట్టు బిడ్డా, ముహూర్తం పోతది" అంది.

ఏం మాట్లాడాలో వారం రోజులుగా మనసులో రాసుకున్నాను. నీకు తెలుసు కదా, క్లాసులో లేచి పాఠం చదవమంటేనే నాకు గొంతు పోయేది. అంతమంది చూస్తుంటే అన్నీ మరిచిపోయాను. పళ్లెం పట్టుకుని కూర్చున్నాను. అయ్యగారు మంత్రం ఆపాడు.

చివరికి అన్నాను. "అన్నా, కిందిది కోపియ్యి. మిగిలిన మూడిటికి పెడత."

అన్న అందరి ముందు మెల్లగా, "నేను ఎత్తుకుంట అన్న గదనే. నా చేతులు పోయినయా?" అన్నాడు.

"నీ చేతులు ఇంట్ల ఉన్నప్పుడే గదా అన్నా, నేను బయటికి పోయేది."

వదిన అందుకుంది. "ఇల్లు ఆమె పేరు మీద ఉన్నది. ఆమె చెప్పినట్టే కానియ్యున్రి. మనం ఎవలం ఇగ."

అందరూ నా వైపు చూశారు. అట్లా కాదు వదినా అని నేనంటానని చూశారు. అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు, అక్కా. ఆ రోజు నేను చేసిన పెద్ద పని అదొక్కటే, ఊరుకోవడం.

అప్పుడు అమ్మ లేచింది. నన్ను తిడుతుందనుకున్నాను. అమ్మ ఎవరి వైపూ చూడలేదు. మైసయ్య దగ్గరికి వెళ్లి, "కొయ్యి" అంది. మైసయ్య అన్న వైపు చూశాడు. అమ్మ మళ్లీ అంది.

"కొయ్యి మైసయ్యా. నాకిగ ఎత్తుడు చాతనైతలేదు. ఎవలకు చెప్పలే. నాకే ఎరుక."

ఆ మాట ఆమె నోట అందరి ముందు వచ్చేసరికి అన్న చెప్పులు వేసుకుని ర్యాంపు దిగి వెళ్లిపోయాడు. మైసయ్య రంపం తీశాడు. కట్టె కోసేటప్పుడు వచ్చే వాసన బాగుంటుంది కదా. నేను పసుపులో పడ్డ రంపపు పొట్టు ఏరుతూ కూర్చున్నాను. దర్వాజ కాళ్లు కలిసి ఉండటానికి కింద ఒక సన్న చెక్క కొట్టారు. గోడ లేచాక తీసేస్తారట. నేను మూడు కట్టెలకు పసుపు రాసి బొట్లు పెట్టాను. నా చేయి అందని చోట అమ్మ పెట్టింది. చీర అన్న పెట్టాలి. అన్న లేడు. వదిన తెచ్చి, మొహం చూడకుండా నా ఒళ్లో పెట్టింది.

అన్న బాగా చీకటి పడ్డాక వచ్చాడు. ఎప్పటిలాగే నన్ను ఎత్తుకుని మెట్లెక్కించాడు. నాకు నిద్ర రాలేదు, అతనికీ రాలేదని తెలుసు.

నేను గెలిచానని రాయబోయి కొట్టేశాను. అలసిపోయాను.

శ్రీలత


సిరిసిల్ల
అక్టోబరు 12

శ్రీలతా,

బాలరాజు ఇక్కడికి వచ్చాడు. నీతో చెప్పొద్దన్నాడు. చెబుతున్నాను. ఇంక నీ దగ్గర ఏదీ దాచను.

వేములవాడకు గిరాకీ ఉంటే యాత్రికులను దింపి ఇటు వచ్చాడట. చాయ ఇచ్చాను. హాల్లో ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు. నేను నా పనుల్లో పడ్డాను. మధ్యలో చూస్తే కూర్చునే ఉన్నాడు. కుట్టుమిషను ఆమె బాత్రూంకు వెళ్లి వచ్చింది. బజారు ఆమె సంచీ తగిలించుకుని, గేటు తీసుకుని వెళ్లి, కూరగాయలతో తిరిగి వచ్చింది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. వాడు అదంతా చూస్తున్నాడు.

వెళ్లేటప్పుడు గేటు దగ్గర, "తొమ్మిదేండ్లు ఎత్తుకున్న అక్కా. గదే దానికి బరువైందా?" అన్నాడు.

నేనేం చెప్పాలి? ఎత్తుకున్నవాళ్లకే బరువు అని మనం అనుకుంటాం తమ్ముడూ అన్నాను. అర్థమైందో లేదో. ఆటో చాలాసేపు స్టార్టు కాలేదు, లేదా వాడు చేయలేదు.

మంచం వేరే అమ్మాయికి ఇచ్చారు. నేనే ఇమ్మన్నాను. చిన్నపిల్ల, చేతులు బలంగా ఉన్నాయి. ఆమె జరగడం చూస్తుంటే భుజాల వైపే నా చూపు పోతోంది.

ఇల్లు ఎంతవరకు వచ్చింది?

సంగీత


కోరుట్ల
డిసెంబరు 14

సంగీతక్కా,

కొత్త ఇంటికి వచ్చి రెండు వారాలవుతోంది. సున్నం వాసన ఇంకా పోలేదు. ఒక గదికి కిటికీ రెక్కలు లేవు, దుప్పటి కట్టాం.

నేను, అమ్మ వచ్చాం. అన్న, వదిన ఆ కిరాయి ఇంట్లోనే ఉన్నారు. ఆమె పేరు మీది ఇల్లు, మేమెందుకని వదిన అందట. అన్న మాత్రం స్లాబుకు, తలుపులకు, పైపులకు రోజూ వచ్చి నిలబడ్డాడు. స్నానాల గది తలుపు నేను అడగకుండానే వెడల్పు పెట్టించాడు. మంచం పక్కన గోడకు ఇనుప కడ్డీ బిగించాడు. నాతో మాట్లాడటం ఇప్పుడిప్పుడే మొదలైంది. ఉప్పుంది, పప్పుంది లాంటి మాటలు. సాయంత్రం ఆటో ఆపి లోపలికి వస్తాడు. లేని గడప దగ్గర కాలు ఎత్తి దాటుతాడు. అతనే కాదు, వచ్చినవాళ్లందరూ అంతే. ఎత్తి, కింద ఏమీ తగలక, తూలి, నేల వైపు చూస్తారు. నాకు నవ్వు వస్తుంది, మొహం తిప్పుకుంటాను.

అమ్మ తెల్లారి వాకిట్లో ముగ్గు వేసి, దర్వాజ రెండు కాళ్లకూ అడుగున పసుపు పెడుతుంది. మధ్యలో ఖాళీ. మొదటి రోజు ఆ ఖాళీ దగ్గర కాసేపు కూర్చుంది. ఏమనుకుందో నేను అడగలేదు. ఆమె ఒప్పుకోలేదు, అక్కా. ఆమెకు చేతకాలేదు, అంతే. నేను అది మరిచిపోకూడదు.

నా భుజం గురించి ఆలోచించాను. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ఎత్తడానికి మనిషి ఉంటే అది ఇంకా చాలా ఏళ్లు వస్తుంది. మా వాడలోనే సమ్మవ్వ అని, ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసినామె ఉంది. వస్తానంది. ఆమె జీతానికి నా ఒక్కదాని పింఛను సరిపోదు. ఇద్దరిదైతే సరిపోతుంది. కిష్టవ్వకు కబురు పెట్టాను. వాళ్ల అన్నోళ్లు మొదట మాకు నామోషీ అన్నారట. మా అన్న ఆటో వేసుకుని వెళ్లి మాట్లాడి వచ్చాడు. ఏం మాట్లాడాడో చెప్పలేదు. సంక్రాంతి పండుగ తర్వాత పంపుతామన్నారు. పంపుతారో లేదో. రెండో గది ఖాళీగానే ఉంచాను. నీ నడుము బాగా లేనప్పుడు నువ్వు వచ్చినా చాపకు చోటుంటుంది. ఇది మర్యాదకు రాయడం లేదు.

నిన్నటి సంగతి రాసి ఆపేస్తాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ గోడ పక్కన ఒరిగింది. కాసేపటికి గురక వినిపించింది. అమ్మ పగలు పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎప్పుడు పిలుస్తానో అని కూర్చునే ఉండేది. నేను తలుపు తీసుకుని, ర్యాంపు దిగి, వీధి చివరి కిరాణా దాకా వెళ్లాను. అక్కడ కొనడానికి నాకేమీ లేదు. ఎండలో కాసేపు ఉన్నాను. షాపాయన ఏం కావాలమ్మా అంటే ఏం లేదని చెప్పి తిరిగి వచ్చాను. పైకి ఎక్కేటప్పుడు చేతులు నొప్పిపుట్టాయి, రెండుసార్లు ఆగాను.

లోపలికి వచ్చేసరికి అమ్మ అట్లాగే పడుకుని ఉంది. లేచాక, నన్ను పిలిచినవా బిడ్డా అని అడిగింది. లేదమ్మా, పడుకో అన్నాను. మళ్లీ పడుకుంది.

నీ చెల్లె
శ్రీలత